అక్క పాటకు మైకు

ఆస్పరి
18 నవంబరు 2024

తమ్ముడు వీరభద్రకు, అక్క భీమక్క రాసేది.

ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, నువ్వు ఎత్తవు. ఎనిమిదోసారి ఎవరో ఎత్తి "ఆయప్ప మిల్లు కాడ ఉండాడు" అని పెట్టేశాడు. ఇంక లాభం లేదని పోస్టుమాన్ ఏసన్న దగ్గర కవరు తీసుకున్నాను. ఇప్పుడు ఏసన్న సంచిలో ఆధార్ కార్డులు, బ్యాంకు కాగితాలు తప్ప ఉత్తరాలుండవు. నేను కవరు అడిగితే "ఎవురికి రాస్తావక్కా, కలెక్టరుకా?" అని నవ్వినాడు. మా తమ్ముడికి అంటే నవ్వు ఆపేశాడు. మనిద్దరికీ మాటల్లేవని ఊరందరికీ తెలుసు.

సంగతి చెప్తాను. దసరా ముందు నుంచి నా గొంతు బొంగురుపోయింది. అంగన్‌వాడీలో కొత్తగా చేరిన పిల్లలు నేను పలకరిస్తే ఏడుస్తున్నారు. కర్నూలు ఆసుపత్రికి పోతే ముక్కులో నుంచి గొట్టం వేసి చూశారు. గొంతులో గడ్డ ఉంది. మందులతో పోయే దశ దాటిందట, గొంతు పెట్టెనే తీసెయ్యాలట. మెడకు ముందర ఒక బెజ్జం పెడతారు, దాంతోనే ఊపిరి. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం ఉండదు.

బస్సులో ఆస్పరి దాకా ఏడ్చుకుంటూ వచ్చాను. మాట పోతుందని కాదు. మాటలు శానా ఆడేశాను. సుంకులమ్మ కథ పోతుందని. అది మన అవ్వ కట్టింది, అమ్మకు వచ్చింది, అమ్మ నుంచి నాకు వచ్చింది. జాతర పొద్దున గుడి మెట్ల మీద నేను చరణం చెప్పాలి, వంత వాళ్లు "వింటిమమ్మా తల్లీ సుంకులమ్మా, వింటిమమ్మా" అని అందుకోవాలి, అప్పుడే బోనాలు లోపలికి పోతాయి. వంత పడకుండా ఇంకో చరణం చెప్పకూడదు. మాటలు నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. వరస ఎట్లా రాసేది? నేర్చుకుంటామన్న ఆడపిల్లలు సుగ్గికని, కూలి పనికి గుంటూరు మిరప చేలకు పోతారు, వస్తారు, మళ్లీ పోతారు.

ఆదోనిలో మైకు సెట్టు అంగట్లో ఏడేళ్లు పనిచేసినవాడివి నువ్వు. పాట పట్టి పెట్టే దారి నీకే తెలుసు. కోపం ఉంటే దాన్ని ఒక పక్కన పెట్టి జవాబు రాయి.

అక్క
భీమక్క


ఎర్రగుంట్ల
29 నవంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో విప్పాను, అక్కడే ముద్ద వదిలేసి లేచిపోయాను. తిరుపతిలో ఇంకో డాక్టరును చూద్దామంటే పోదాం. వద్దంటావని తెలుసు.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం సిమెంటు మిల్లు మోత, ఇంకేమీ లేదు. ఇక మీద ఉత్తరాలే రాసుకుందాం. ఉత్తరమైతే నాకు స్పష్టంగా ఉంటుంది.

పాట పట్టే పని నాకు వదిలెయ్. కడపలో ఒక స్టూడియో చూసి వచ్చాను. అద్దాల గది, గంటల లెక్కన ఇస్తారు. నీ కథ మూడు గంటలు. మధ్యలో నువ్వు దగ్గాలి, నీళ్లు తాగాలి, అవ్వను తలుచుకోవాలి. అక్కడ గడియారం కింద కూర్చోబెడితే నీ నోట పాట రాదు. అందుకని మన నడిమింట్లోనే స్టూడియో పెట్టాలని అనుకున్నాను.

గండికోటలో పెళ్లికి ముందు వీడియోలు తీసే భూపేష్ అని ఒకాయన ఉన్నాడు. సెలవు రోజు ఆయన వెంట కోటకు పోయి, ఎండలో ఒక పెళ్లికొడుకు గుర్రం ఎక్కేదీ దిగేదీ చూస్తూ, నాలుగు సంగతులు అడిగి తెలుసుకున్నాను. మైకులు రెండు రకాలు. డైనమిక్ అంటే మన పాత మైకు సెట్టు మైకు లాంటిది, మూతికి ఆనించి మాట్లాడితేనే పట్టుకుంటుంది. కండెన్సర్ అనేది గదిలో బల్లి కదిలినా పట్టుకుంటుంది. ఇంట్లో పాడేదానికి డైనమిక్ చాలు అన్నాడు. నేను మాత్రం కండెన్సరే తీసుకుంటాను. పాటతో పాటు నువ్వు ఊపిరి తీసుకునేది కూడా అందులో పడాలి.

ఒక్కటే మాట. ఎవరి ఫోన్‌లోనూ పాడి పెట్టొద్దు. ఫోను గొంతును నలిపేస్తుంది. అట్లాంటిది ఒకటి తయారైతే అందరూ అదే చాలంటారు, నువ్వూ సరేలే అంటావు. నీ గొంతు ఎట్లుందో అట్లే నిలవాలి.

నీ తమ్ముడు
వీరభద్ర


ఆస్పరి
10 డిసెంబరు 2024

వీరభద్రా,

కండెన్సరు అంటే బోరు మోటారుకు బిగిస్తారే, అదేనా? మన మోటారుది ఏడాదికి రెండుసార్లు కాలిపోతుంది. పాట మధ్యలో పొగ వస్తే నన్ను అడగొద్దు.

పక్కింటి సంతోషమ్మ నిన్న వచ్చింది. నువ్వు పోయినప్పటి నుంచి నాకు వంత అనేది ఆమే కదా. "అక్కా, సంక్రాంతి ముందరే మేము గుంటూరు లారీ ఎక్కాల. మంగళవారం పాడు, నేను వంత అంటా. నా టచ్ ఫోను గూట్లో పెడదాం. యాడికీ పోనక్కర్లే" అంది. నువ్వు వద్దన్నావని ఆపాను. ఆమె మొహం చిన్నబోయింది. చదువుకున్న తమ్ముడు చెప్పినాడని నేను కూడా గొప్పగానే అన్నాలే.

ఇంక అసలు మాటకు వస్తాను, ఉత్తరంలో అయినా అడగాలి. మూడేళ్ల కిందట జాతరలో నువ్వు వంత అందుకోవడంలో తప్పావు. నేను చరణం ముగించక ముందే ఒకసారి, ముగించి ఆగిపోయాక ఒకసారి. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండి "తాగొచ్చినావేమప్పా?" అన్నాను, అందరి ముందర. నువ్వు అన్నం తినకుండా పోయి రైలెక్కావు. నువ్వు తాగవని నాకు తెలియదా? నోరు జారింది. ఆ రోజు నుంచి నీ గొంతు ఫోన్‌లో కూడా వినలేదు. అడిగితే మిల్లు మోత అంటావు. మోతలో పనిచేసేవాళ్లందరూ అక్కాచెల్లెళ్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

కోపం లేదంటే నాకొక రుజువు కావాలి. ఈ పాటకు వంత నువ్వే అనాలి, చిన్నప్పుడు అన్నట్టు. నువ్వు లాగుకు గుండీ లేక ఒక చేత్తో పట్టుకొని వంత అనేవాడివి. ఒక్క చోట తప్పేవాడివి కాదు.

అక్క
భీమక్క


ఎర్రగుంట్ల
24 డిసెంబరు 2024

అక్కా,

నాకు కోపం లేదు. ఆ రోజు సంగతి వేరే, ఎప్పుడో చెప్తాను. వంత నేనే అంటాను. ఒక్క షరతు, నువ్వు నాకు ఎదురుగా, వెలుతురులో కూర్చోవాలి. నీ మొహం నాకు బాగా కనపడాలి.

మైకు వచ్చింది. పాల డబ్బా అంత ఉంది, బరువుగా ఉంది. మైకుకూ కంప్యూటరుకూ నడుమ ఇంకో పెట్టె ఉండాలి. అందులో ఒక మైకుకు పనికొచ్చేది ఒకటి, రెండు మైకులకు పనికొచ్చేది ఇంకొకటి. భూపేష్ "వంతకు ఇంకో మైకు పెట్టన్నా, రెండు గొంతులూ యాడివాడ ఉంటాయి" అన్నాడు. నేను వినలేదు. పాట నీది, నాకెందుకు మైకు? ఇద్దరి నడుమ ఒకటి పెడితే సరిపోతుంది.

తలకు పెట్టుకొని వినేవి కూడా చూశాను. అంగట్లో మూడు రకాలు పెట్టి చూపించారు. మూడూ నాకు ఒకటే. తలకు మెత్తగా ఉన్నవి తీసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ దగ్గరే శానా దినాలు పోయాయి. కొన్నింటికి నెల నెలా బాడుగ కట్టాలి, అవి పెద్ద స్టూడియోల వాళ్లవి. ఒకటి ఊరకే వస్తుంది కానీ దాని బొత్తాలు చూస్తేనే తల తిరుగుతుంది. కింద అక్షరాలు వచ్చే వీడియోలు ఇరవై దాకా చూసి చివరికి ఇంకోటి పెట్టుకున్నాను. అందులో గొంతు తెర మీద అలలుగా కనపడుతుంది. గట్టిగా అంటే అల లేస్తుంది, మెల్లగా అంటే అణుగుతుంది. వద్దనుకున్న ముక్కను గీత గీసి తీసెయ్యొచ్చు. కళ్లతో చూసి చేసే పని. నాకు అదే నచ్చింది.

మైకు నిలబెట్టే స్టాండు విరిగినది పంపారు, మార్చి పంపేదానికి పది రోజులంటున్నారు. అంతవరకు ఆగు. గది మోగకుండా గోడలకు కట్టేదానికి బొంతలు, కంబళ్లు పోగుచెయ్. ఫోన్‌లో మాత్రం వద్దు.

వీరభద్ర


ఆస్పరి
8 జనవరి 2025

వీరభద్రా,

నీ స్టూడియో తయారయ్యే లోపల నేను మూగదాన్ని అయ్యేటట్టు ఉన్నాను. తమాషాకు రాయడం లేదు.

ఫిబ్రవరి 12కు ఆపరేషన్ తేదీ ఇచ్చారు. సంతోషమ్మ మొన్న లారీ ఎక్కింది, ఊళ్లో సగం మంది ఎక్కారు. పోయేముందు కూడా ఫోను చేతిలో పట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడింది. "ఇప్పుడన్నా పాడక్కా, గంటన్నా పాడు" అంది. నేను తల అడ్డంగా ఊపాను. నీ మీద నమ్మకంతో ఊపాను, ఆ మాట గుర్తు పెట్టుకో.

గొంతు దినదినానికి తగ్గుతోంది. పైకి పోయే చోట విరిగిపోతోంది. అవ్వ చెప్పినట్టు సుంకులమ్మ ఏడూర్లు తిరిగి నీళ్లడిగే చరణాలు గట్టిగా అనాలి, నేను గొణిగినట్టు అంటున్నాను. వరస మాత్రం తప్పడం లేదు. నీ మైకు బల్లిని కూడా పట్టుకుంటుంది కదా, నన్ను పట్టుకోదా?

నువ్వు రాసినట్టు గోడలకు కట్టేదానికి బొంతలు, గొర్రెబొచ్చు కంబళ్లు ఊరంతా అడిగి తెచ్చాను. పద్నాలుగయ్యాయి. నడిమిల్లు గొర్రెల దొడ్డి వాసన వస్తోంది. బడి టీచరు శిల్ప వచ్చి చూసి, ఎవరికైనా చలిజ్వరమా అని అడిగింది.

స్టాండు లేకుంటే రోకలికి కట్టు. తొందరగా రా.

అక్క
భీమక్క


ఎర్రగుంట్ల
17 జనవరి 2025

అక్కా,

స్టాండు వచ్చింది. ఫిబ్రవరి ఒకటి, శనివారం దిగుతాను. ఆదివారం పొద్దున పాట. ఇంతకు ముందు సెలవు దొరకలేదు, ఇద్దరు మనుషులు తక్కువున్నారు.

ఫ్యాన్ ఆపాలి. కోళ్లను, బర్రెను శిల్ప టీచరు వాళ్ల పెరట్లో కట్టెయ్. గదిలో మనిద్దరం తప్ప ఎవరూ ఉండకూడదు, వాకిట్లో కూడా వద్దు. పాడుతున్నప్పుడు నువ్వు ఆపి నన్ను ఏమీ అడగొద్దు. ఆ వారం ఎవరితోనూ మాట్లాడకు, ఉన్న గొంతునంతా దాచిపెట్టుకో.

వీరభద్ర


ఎర్రగుంట్ల
8 ఫిబ్రవరి 2025

అక్కా,

ఆసుపత్రికి పోయే ముందు ఇది నీకు అందాలని రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కవర్లో వేలెడంత పెన్‌డ్రైవ్ ఉంది. అందులో నీ పాట ఉంది.

నీకు ఒక సంగతి చెప్పాలి. మొన్న ఆదివారం నీ ఎదురుగా మూడు గంటలు కూర్చున్నా చెప్పలేకపోయాను. నాకు చెవులు వినపడవు.

ఇరవై నాలుగేళ్లు బాల్ మిల్లు పక్కన పనిచేశాను. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చినవి చెమటకు దురద పెడతాయని జేబులో వేసుకొని తిరిగాను. తప్పు నాదే. ముందు కుడి చెవి పోయింది. జాతర నాటికి ఎడమది కూడా సగం పోయింది. ఆ రోజు వంత తప్పింది అందుకే. నువ్వు తాగొచ్చినావా అంటే, చెవిటోడిని అని చెప్పుకోవడం కంటే అదే నయమనిపించింది. ఇప్పుడు ఏమీ వినపడదు. ఇక్కడ తెలిస్తే మిల్లు నుంచి తీసేస్తారు, ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. అందరి నోళ్లూ చూసి నెట్టుకొస్తున్నాను. ఫోన్‌లో నోరు కనపడదు కదా.

పాట రోజు కూడా అంతే. నీ పెదాలు మూసుకోగానే వంత అన్నాను. మధ్యలో ఎప్పుడన్నా తెర మీద పచ్చ గీత ముందుకు పోతోందో లేదో మాత్రం చూసుకున్నాను, కళ్లన్నీ నీ నోటి మీదే. చివర్లో నువ్వు "ఎట్లుండాది?" అన్నావు, నేను బొటనవేలు ఎత్తాను. నువ్వు నవ్వావు.

ఇక్కడికి వచ్చాక డ్యూటీ దిగిన ప్రతిసారీ కూర్చొని దాన్ని బాగుచేశాను. తెర మీద రెండు రకాల అలలున్నాయి. ఒకటి జొన్న చేనంత ఎత్తు, ఒకటి గరికంత. ఒకదాని తర్వాత ఒకటి, చివరిదాకా అట్లే. ఏది ఎవరిదో తెలుసుకునేదానికి నాకు చెవులు అక్కరలేదు. నువ్వు గుడి మెట్ల మీద పాడితే రైలు స్టేషన్‌లో వినపడేది. పెద్దవి నీవి. గరికంతవి నావి. జాతరలో వంత అనేదానికి ఊరు ఉండగా చెవిటోడి వంత దేనికి? నావన్నీ తీసేశాను. ఒకేసారి తీసే బొత్తం ఉంది, దాంతో నీది ఎక్కడన్నా కొరికిపోతుందేమోనని ఒక్కొక్కటే చేత్తో గీత గీసి తీశాను. ఆరు వందల పైన ఉన్నాయి. ఐదు రోజులు పట్టింది. కంప్యూటర్లో చోటు చాలక మొదటిదాన్ని చెరిపేసి ఇది ఒక్కటే ఉంచాను.

ఇప్పుడు నీ చరణం వస్తుంది, వంతకు ఖాళీ ఉంటుంది, మళ్లీ నీ చరణం. ఈసారి జాతరలో మెట్ల మీద స్పీకరు పెట్టి ఇది వెయ్యండి. ఖాళీలో ఊరు వంత అందుకుంటుంది. నువ్వు లేని జాతర ఉండదు.

నేను చేసిన పనిని నేను వినలేను. నువ్వు విని, ఎట్లుందో దాచకుండా రాయి. రాసేదానికి నువ్వొక్కదానివే ఉన్నావు.

వీరభద్ర


ఆస్పరి
25 మార్చి 2025

వీరభద్రా,

ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు. మెడలో బెజ్జం, దానికి గుడ్డ. అంగన్‌వాడీ పలక ఒకటి మెడకు తగిలించుకొని ఏం కావాలన్నా దాని మీద రాస్తున్నాను. చదువురాని వాళ్లు పలక చూసి తల ఊపి పోతున్నారు. దగ్గు వస్తే చప్పుడు మెడలో నుంచి వస్తుంది. మొదట్లో అద్దం చూడలేదు, ఇప్పుడు చూస్తున్నాను.

నీ కవరు నేను కర్నూలు బస్సెక్కాక వచ్చిందంట. ఏసన్న దాచిపెట్టి, నేను తిరిగి వచ్చాక ఇచ్చాడు. పదహారు రోజుల కిందట విన్నాను. అప్పటి నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేస్తున్నాను. బాగుంది అని ఒక్క ముక్క రాసి పంపేద్దామనుకున్నాను, నీకు తెలిసే దారి లేదు. కానీ జాతరకు నువ్వు వస్తావు. ఊరి మొహాలు చూస్తావు. నోళ్లు చదివేవాడికి మొహాలు చదవడం రాదా? అందుకే రాస్తున్నాను.

పాట లేదు వీరభద్రా.

శిల్ప టీచరు బడిలో స్పీకరుకు పెట్టింది. మొదట ఏమీ రాలేదు. తర్వాత నువ్వు "వింటిమమ్మా తల్లీ సుంకులమ్మా, వింటిమమ్మా" అన్నావు. బడి కిటికీ అదిరింది. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ నువ్వు. శిల్ప పెన్‌డ్రైవ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. మూడు గంటలూ అంతే. పెద్ద అలలు నీవి. చెవులు వినపడని వాడివి, నువ్వు ఎంత గట్టిగా అంటున్నావో నీకు తెలియలేదు. గరికంతవి నావి. నా గొంతు అంతే మిగిలింది, ముందే రాశాను కదా. నువ్వు నా పాత గొంతును తలుచుకొని ఇప్పటి గొంతును తీసేశావు.

నాకు కోపం వచ్చింది, దాచను. సంతోషమ్మ ఫోన్‌లో పాడి ఉంటే నలిగినదో చిరిగినదో ఒకటి ఉండేది. చెవుల సంగతి నాకు ముందే చెప్పి ఉంటే శిల్పను పక్కన కూర్చోబెట్టి ఉండేదాన్ని. ఆ కోపంలో రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత నీ నోటి వెంట ఆ మాట రాకుండా చేసింది ఎవరా అని ఆలోచించాను. మెట్ల మీద నలుగురి ముందర నేను అన్న మాట తర్వాత నువ్వు ఎట్లా చెప్తావు? నీ చేత వంత అనిపించింది కూడా నేనే.

శిల్ప ఎవరినో అడిగింది, చెరిపేసింది మళ్లీ వస్తుందా అని. కంప్యూటరు పంపమన్నారంట, దాని మీద వేరేవి ఎక్కి ఉంటే రాదన్నారంట. నువ్వు పంపితే పంపు. నేను ఆశ పెట్టుకోలేదు.

నోటుబుక్కులో మాటలున్నాయి. మొన్న శిల్ప చదివింది, రేషన్ కార్డు చదివినట్టు ఉంది. వరస చెప్పేదానికి నా దగ్గర ఏముంది? చేత్తో తాళం వేసి చూపించాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది, నేర్చుకోలేకపోయింది. ఈసారి జాతరకు డప్పు కొట్టి బోనాలు లోపలికి పంపమని పూజారికి పలక మీద రాసి ఇచ్చాను. సరే అన్నాడు. అంత తొందరగా సరే అంటాడనుకోలేదు.

పోయిన మంగళవారం బడికి సెలవు. శిల్పను బడి తాళంచెవి అడిగి, ఒక్కదాన్నే కూర్చొని మొదటి నుంచి పెట్టుకున్నాను. ఏమీ రాని చోట నేను నోరు కదిపాను, లోపలే చరణం అనుకున్నాను. నా చరణం అయిపోయే చోటికి నువ్వు అందుకున్నావు. ఇంకోటి అనుకున్నాను, అందుకున్నావు. ఏడూర్ల దగ్గర నేను ఆ రోజు దగ్గి ఆగాను కదా, అక్కడ నువ్వు కూడా ఆగి, నేను మళ్లీ మొదలుపెట్టి ముగించేదాకా చూసుకొని అందుకున్నావు. మూడు గంటలూ విన్నాను. ఒక్క చోట కూడా నువ్వు తప్పలేదు.

ఈ ఉత్తరం అందినాక మిల్లులో జాగ్రత్త. అన్నం తిను.

అక్క
భీమక్క